గిర్గాములో ఒంటిగది – అమ్మేవారికి, కొనేవారికి నాలుగు మాటలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ముంబయిలో మూడు నాలుగు తరాలుగా కాపురమున్న మనవారికి ఈ రెండింటికి తోడు మూడవది కూడా వచ్చిపడినది: పాతగది అమ్మి చూడు. ఇంటికీ పెండ్లికీ డబ్బు ఖర్చు. పాతగది అమ్మకంలో డబ్బు వచ్చునేగాని మనశ్శాంతి ఖర్చగును. మన సంఘంలో ఏదో ఒక కుటుంబం ఏటేటా ఈ చిక్కులో పడుతూనే యున్నది. అందుచేత యుద్ధానికి ముందు కట్టిన ఒంటిగది ఎటువంటిది, అది అమ్మకానికి వచ్చినప్పుడు నిజంగా చేతులు మారేది ఏమిటి అను విషయం పాఠకుల ముందుంచదలచినాము. మేము వకీళ్ళము కాము. పగలంతా ఫైళ్ళ మధ్య గడిపే గుమాస్తాలము. అయితే ఈ వ్యవహారంలో కాగితమే గోడ, కాగితమే కప్పు. కాగితం చదవడం మాకు అలవాటే గనుక తెలిసినంతవరకు చెప్పెదము.

గది ఎట్లుండును?

గిర్గాము పేటనే ఉదాహరణగా తీసుకుందాము. చర్నీరోడ్ స్టేషనులో దిగి పడమరకు పోతే చౌపాటీ, సముద్రము. తూర్పుకు పోతే గిర్గాము సందులు. సందులో సందు, దానిలో వాడి, వాడిలో చాళ్. తెల్లవారక ముందే పాలవాడు, పూలవాడు, పేపరు కుర్రవాడు మెట్లమీద ఒకరినొకరు తప్పుకొని పోవలసినంత సందడి. ముంబయిలో మొదటి సార్వజనిక గణేశోత్సవం 1893లో జరిగిన కేశవ్‌జీ నాయక్ చాళ్ ఈ పేటలోనిదే. నిమజ్జనం నాడు ఊరి గణపతులలో ఎన్నో ఈ దారినే చౌపాటీకి పోవును. 2025 అక్టోబరులో భూగర్భ మెట్రో రైలు కూడా గిర్గాముకు వచ్చినది. ఆఫీసు, బజారు, బడి, ఆసుపత్రి అన్నీ నడిచిపోగల దూరంలోనే. ఇంతటి సౌకర్యమున్న చోట గదికి గిరాకీ లేకుండునా!

ఇక గదిలోనికి వద్దాము. టేకు స్తంభాలు, వాటి నడుమ ఇటుక గోడలు, పైన మంగళూరు పెంకు; ప్రతి అంతస్తుకు పొడవాటి వసారా, దానినే ఇక్కడివారు గ్యాలరీ అందురు. గ్యాలరీ పొడవునా వరుసగా తలుపులు. ఒక్కొక్క తలుపు వెనుక ఒక్కొక్క సంసారము. గది పది అడుగుల వెడల్పు, పన్నెండు పదిహేను అడుగుల పొడవు. ఒక మూల చిన్న గట్టు కట్టిన మోరీ. అందులోనే స్నానము, అందులోనే అంట్లు. కప్పు ఎత్తుగా ఉండుటవలన సగం గదికి పైన చెక్కలు వేసి మాళా కట్టుకున్నారు. పిల్లల చదువు, పెద్దవాడి పడక, పెట్టెలు, ఆవకాయ జాడీలు అన్నీ దానిమీదనే. మరుగుదొడ్లు గ్యాలరీ చివర అందరికీ కలిపి. పగలు అది వంటిల్లు, సాయంత్రం చావడి, రాత్రి పడకగది. కొత్త కోడలు అత్తవారింట కాలుపెట్టినా ఇదే గది, తాత కన్నుమూసినా ఇదే గది.

ఒకే గదిలో సంసారమేమిటని నేటి పిల్లలు అడుగుదురు. ఊరికి పనిమీద వచ్చిన జనానికి తగినన్ని ఇండ్లు ఏనాడూ లేవు. నూలు మిల్లులు, రేవులు, రైళ్ళు మనుష్యులను పిలిచినవి. వారికి తల దాచుకొనేందుకు చోటు చూపలేదు. 1896లో ప్లేగు వచ్చి కిక్కిరిసిన పేటలను ఊడ్చిపెట్టినది. ఆ తర్వాత 1898లో ప్రభుత్వం ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును స్థాపించి వీధులు వెడల్పు చేయించినది, కొన్ని చాళ్ళు కట్టించినది. 1920లో ఏర్పడిన డెవలప్‌మెంట్ డిపార్టుమెంటు వర్లీ, నాయగాం, డిలైల్ రోడ్, శివడీలలో పెద్ద పెద్ద చాళ్ళు లేపినది. బీడీడీ చాళ్ళని నేటికీ పేరున్నవి అవే. మొత్తం 207 భవనాలు. ఒక్కొక్కదానిలో నాలుగు వరుసలుగా 80 గదులు. గది 160 చదరపు అడుగులు. గిర్గాములోనివి మాత్రం ప్రభుత్వానివి కావు. షావుకార్లు, ట్రస్టులు కిరాయి రాబడికోసం కట్టించినవి. ఈ భేదం ముందుముందు అవసరపడును.

ఈ గోడల విషయంలో మనవారికి మరొక సంబంధం కూడా కలదు. గిర్గాముకు కొద్ది దూరంలో కామాఠీపురా యున్నది. పనులు వెదుక్కుంటూ నైజాం రాజ్యం నుండి వచ్చిన మన తెలుగు కూలీలను, మేస్త్రీలను ఇక్కడివారు కామాఠీలనిరి. వారు దిగిన పేట కామాఠీపురా అయినది. ఆ పేరు వేరొక కారణంచేత చెడ్డ వినికిడి కావచ్చును గాని, ఆ పేరు మోసిన మొదటివారు రాళ్ళెత్తి, సున్నం కలిపి ఈ ఊరు కట్టినవారు. చాళ్ళ గోడలలో మన తాతల చెమట కలసియున్నదనుట అతిశయోక్తి కాదు. ఊరు కట్టిన చేతులకు మిగిలినది చాలమందికి ఒక ఒంటిగది. అది కూడా కిరాయికి.

పగ్డీ అంటే ఏమి?

ఇక్కడనే అసలు చిక్కు మొదలగును. గది మనదని మనమందుము. గది మనది కాదు. నేల, గోడలు, కప్పు ఇంటి యజమానివి. మనదల్లా అందులో కిరాయికి ఉండే హక్కు. మొదట చేరేటప్పుడు యజమానికి గంపగుత్తగా కొంత సొమ్ము ఇచ్చి, ఆపైన నెలనెలా స్వల్ప కిరాయి కట్టుతూ తరతరాలు ఉండిపోవుట ఆచారమైనది. ఆ మొదటి సొమ్మునే పగ్డీ అందురు. పగ్డీ అంటే మన తలపాగాయే. పేరులో గౌరవమున్నదిగాని, చాలకాలము చట్టం దృష్టిలో దానికి గౌరవం లేకుండెను.

యుద్ధకాలంలో ఊరికి జనం విరగబడి వచ్చి కిరాయిలు పెరిగిపోవుచుండగా, వాటిని అదుపులో పెట్టుటకు 1940 సెప్టెంబరు 1వ తేదీన ఏ కిరాయి యున్నదో అదే న్యాయమైన కిరాయి అని గీత గీసినారు. 1947 నాటి బొంబాయి కిరాయి చట్టం ఆ గీతనే నిలిపినది. కిరాయిదారుకు దానివలన నీడ దక్కినది. ఇష్టం వచ్చినట్లు వెళ్ళగొట్టే వీలు పోయినది. కాని ఆ చట్టమే పగ్డీ పుచ్చుకొనుట నేరమన్నది. నేరమైనా అందరూ పుచ్చుకొన్నారు, అందరూ ఇచ్చినారు. రశీదు మాత్రం లేదు. అటు ఏండ్లు గడిచినకొద్దీ ఆ కిరాయి పెంకులు మార్చుటకు కూడా చాలనిదయ్యెను. యజమాని మరమ్మతు మానినాడు. కిరాయిదారు ఖాళీ చేయడు. నడుమ ఇల్లు శిథిలమైనది. 1997లో సుప్రీం కోర్టు కూడా ఆ కట్టుబాటు కాలానికి తగినది కాదన్నది.

తరువాత వచ్చిన మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999, 2000 మార్చి 31 నుండి అమలులోనికి వచ్చినది. కిరాయి ఏటా నూటికి నాలుగు వంతున పెంచుకోవచ్చునన్నది. పగ్డీని ఒప్పుకొన్నది. అంటే, కిరాయిదారు తన హక్కును మరొకరికి బదిలీచేసి సొమ్ము తీసుకోవచ్చును; బదిలీకి ఒప్పుకొన్నందుకు యజమాని కూడా సొమ్ము తీసుకోవచ్చును. వాడుకలో యజమాని పాలు ఇంచుమించు మూడవవంతు. నూరు రూపాయలకు బేరం కుదిరినదని దలాలు చెప్పితే, అందులో ముప్పదిమూడు రూపాయలు యజమానికి పోవునని ముందే అనుకోవలెను. మిగిలినదానిలో దలాలు రుసుము, స్టాంపు ఖర్చులు. చేతికి వచ్చేది విన్నంత యుండదు.

కూలే ఇంటికి గిరాకీ ఎందుకు?

పెంకులు కారుచున్నవి, మెట్లు ఊగుచున్నవి, దూలాలకు పోట్లు పెట్టినారు. అయినా కొనేవారు క్యూ కట్టుదురు. గిరాకీ నేటి గదికి కాదు, రేపటి గదికి. ముంబయి ద్వీపనగరంలో పాత ఇండ్ల మరమ్మతుకోసం 1969లో ప్రత్యేక చట్టం చేసి, ఆ ఇండ్లపై సెస్సు వేసినారు. అట్టి భవనాలు మొదట 19,642. వాటిలో 1940 సెప్టెంబరుకు ముందువి, అనగా యుద్ధపూర్వపు తరగతివి, 16,502. ఇటువంటి ఇల్లు పడగొట్టి కొత్తది కట్టునప్పుడు, గదిలో న్యాయంగా ఉన్న కిరాయిదారుకు కనీసం 300 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇవ్వవలెనని 2018 నుండి అమలులోనున్న నగరాభివృద్ధి నియమాలు చెప్పుచున్నవి. నూటయాభై అడుగుల కిరాయి గది మూడువందల అడుగుల సొంత ఇల్లు కాగలదు. కొనేవాడు కొనేది ఈ ఆశను. అమ్మేవాడు అమ్మేది కూడా ఈ ఆశనే. చాలమందికి అది తెలియదు.

ఆశ ఫలించుటకు ఎంతకాలమో ఎవ్వరూ చెప్పలేరు. వర్లీ బీడీడీ చాళ్ళ కొత్త భవనాలకు 2021 ఆగస్టులో భూమిపూజ జరిగినది. మొదటి 556 కుటుంబాలకు తాళపుచెవులు అందినది 2025 ఆగస్టులో. అది ప్రభుత్వమే పూనుకొన్న పని. ప్రైవేటు చాళ్ళలోనో, యజమాని ఒప్పుకొంటే కిరాయిదారులు ఒప్పుకొనరు, అందరూ ఒప్పుకొంటే బిల్డరు డబ్బు అయిపోవును. తాత్కాలిక వసతికని ట్రాన్సిట్ క్యాంపుకు పోయి అక్కడనే ముసలివారైన వారున్నారు. ఇక ఇల్లు ఆగకపోతేనో! 2017 ఆగస్టు 31న భేండీబజారులో హుసేనీ భవనం ఉదయంపూట కూలి 33 మంది చనిపోయినారు. అది నూరేండ్లు దాటిన ఇల్లు. కొన్ని కుటుంబాలు అప్పటికే వేరొక చోటికి మారియున్నవి. మిగిలినవారు ఇంకా అందులోనే యుండిరి. వానకాలానికి ముందు మ్హాడావారు మిక్కిలి ప్రమాదకరమైన భవనాల జాబితా ప్రకటింతురు. దానిలో తమ ఇంటి పేరున్నదేమో చూడని కుటుంబం ఉండరాదు.

ఒక కుటుంబం సంగతి

మాకు తెలిసిన కుటుంబం ఒకటి గలదు. పేర్లు చెప్పము. తాత ముకాదము, ఇండ్లపనిలో కూలీలను నడిపినవాడు. యుద్ధానికి ముందే గిర్గాములో గది పుచ్చుకొన్నాడు. కొడుకు అందులోనే పుట్టి, అందులోనే పెండ్లాడి, ముగ్గురు పిల్లలను అందులోనే పెంచి, అందులోనే కన్నుమూసినాడు. ఇద్దరు మగపిల్లలు కాస్త స్థిరపడగానే లోకల్ రైలు దారిన దూరపు శివార్లలో ఇండ్లు కొనుక్కొని పోయినారు. తల్లి, పెండ్లికాని కూతురు గదిలోనే యున్నారు. కూతురు దగ్గరలోని దుకాణంలో లెక్కలు వ్రాయును; మధ్యాహ్నం ఇంటికి వచ్చి తల్లికి అన్నం పెట్టి మరల పోవును. గది అక్కడ లేకపోతే ఆ ఏర్పాటు లేదు.

దలాలు వచ్చినాడు. మంచి ధర, పదిహేను రోజులలో తేల్చవలెనన్నాడు. అన్నదమ్ములకు అప్పులున్నవి, పిల్లల చదువులున్నవి, అమ్ముదామన్నారు. అది దురాశ అని మేము అనము. సొమ్మును మూడు పాళ్ళు చేసి, తల్లిని పెద్దకొడుకు ఇంటికి తీసుకొని పోవలెనని వారి మాట. కూతురి పాలుకు వచ్చే సొమ్ముతో ముంబయిలో ఒక మూల కూడా దొరకదు. ఆమె నోరెత్తలేదు. పెద్దవారిద్దరు, వారితోపాటు మేము, వెళ్ళి కూర్చున్నాము. "ఏమంటవు వదినా?" అని పెద్దాయన తల్లిని అడిగినాడు. ఆమె చాలసేపు గోడవైపు చూసి, "నేనెట్లనో పోత. నేను పోయినంక బిడ్డ ఏడ పండాలె?" అన్నది. ఎవ్వరికీ జవాబు తోచలేదు.

అప్పుడు మేము కిరాయి బిల్లు తెమ్మన్నాము. మాళామీది ట్రంకుపెట్టెలోనుంచి బొత్తి దించినారు. బిల్లు ఇంకా తాత పేరుననే యున్నది. ఆయన పోయి యాభై ఏండ్లు దాటినది. తండ్రి పోయి నాలుగేండ్లు. నెలనెలా కిరాయి కట్టినారే గాని, పేరు మార్పించవలెనని ఎవరికీ తట్టలేదు. వకీలుకు చూపించగా ఆయన చెప్పిన మాట అందరికీ కొత్తగా తోచినది. కిరాయి హక్కు పొలంవలె, బంగారంవలె పంచుకొనే ఆస్తి కాదు. కిరాయిదారు చనిపోయిన నాడు ఆయనతో కలసి ఆ గదిలో ఎవరు కాపురమున్నారో, ఆ కుటుంబ సభ్యులకు చట్టం ముందుచోటు ఇచ్చును. అట్టివారు లేనప్పుడే తక్కిన వారసుల మాట. విల్లు వ్రాసి ఈ హక్కును ఇవ్వజాలమని 1994లోనే సుప్రీం కోర్టు పాత చట్టం క్రింద తీర్పు చెప్పినది. ఆ లెక్కన సంతకం చేయగల హక్కు మొదట తల్లిది, కూతురిది. అడుగకుండా పక్కన నిలబెట్టబడిన ఆ ఇద్దరిదే!

అన్నదమ్ములు చెడ్డవారు కారు. విన్నారు, తలలు వంచుకొన్నారు, చిన్నవాడు చెల్లెలి ముఖంలోకి చూడలేకపోయినాడు. బేరం ఆపినారు. ముందు బిల్లు తల్లిపేర మార్పించుటకు యజమానికి అర్జీ పెట్టినారు. పెద్దకొడుకు అప్పు తీరలేదు. గది మెట్లు గట్టిపడలేదు. ఎవరి కష్టమూ పూర్తిగా పోలేదు. కాని రేపు అమ్మినా, అట్టిపెట్టినా, అందులో ఉన్నవారు తెలిసి చేసినదగును.

అమ్మేవారు చూడవలసినవి

మొదటిది, బిల్లు ఎవరి పేరున యున్నదో చూడవలెను. చనిపోయినవారి పేరున ఉంటే బ్రతికియున్న పెద్దదిక్కు ఉండగానే మార్పించవలెను. ఆలస్యమైనకొద్దీ సాక్ష్యం చెప్పేవారు తగ్గిపోదురు.

రెండవది, గదికి తాళం వేసి శివార్లకు పోయి కూర్చుండరాదు. తగిన కారణం లేకుండా ఆరు నెలలు వరుసగా గదిని వాడకపోతే, అది ఖాళీ చేయించుటకు యజమానికి చట్టం ఒక దారి చూపినది. పండుగకు వచ్చి దీపం పెట్టిపోవుట కాపురము క్రింద రాదు. తెలిసినవారికి గదిని నోటిమాటమీద ఇచ్చి కిరాయి తీసుకొనుట కూడా ప్రమాదమే; యజమాని అనుమతి లేని ఉపకిరాయి వెళ్ళగొట్టుటకు మరొక కారణమగును.

మూడవది, కిరాయి బాకీ పడరాదు. యజమాని తీసుకొననంటే ఊరకుండక, చెల్లింపుకు సిద్ధమేనని వ్రాతమూలంగా తెలిపి, బ్యాంకుద్వారా పంపి, గుర్తులు భద్రపరచుకోవలెను. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఓటర్ల జాబితా, పిల్లల బడి సర్టిఫికెట్టు ఇవన్నీ ఆ గదిలో కాపురమున్నామనుటకు సాక్ష్యములే.

నాలుగవది, ఇల్లు పునర్నిర్మాణానికి పోవు మాట చాళ్‌లో నడుచుచున్నదేమో విచారించవలెను. ఆ మాట మనకంటె ముందు దలాలుకు తెలియును. పదిహేను రోజుల తొందర ఎందుకో అడిగితే జవాబు అక్కడ దొరకవచ్చును.

కొనేవారు చూడవలసినవి

కొత్తగా పెండ్లయిన జంటలు, రైలు ప్రయాణంతో విసిగినవారు ఇటువంటి గది కొనవలెనని మమ్ములను అడుగుచున్నారు. వారికి మా మాట ఒక్కటే: గది చూచుటకు ముందు బిల్లు చూడుడు. అమ్మేవాడి పేరు, బిల్లుమీది పేరు ఒకటి కావలెను. యజమాని వ్రాతపూర్వకమైన అంగీకారం లేనిది ఒక్క రూపాయి కూడా ఇవ్వరాదు. 1999 చట్టం ప్రకారం కిరాయి ఒప్పందం వ్రాతమీద ఉండి రిజిస్టరు కావలెను. నోటిమాట, సాదా కాగితం చాలవు. ఇది సొంత ఇల్లు కాదు గనుక చాల బ్యాంకులు అప్పివ్వవు, చేతిసొమ్మే పెట్టవలసివచ్చును. నగదులో ఇమ్మని, రశీదు అడుగవద్దని ఎవరన్నా అక్కడినుంచి లేచి రావలెను.

ఆ తర్వాత ఇల్లు. దూలాల క్రింద పోట్లు ఎన్ని, మెట్లు రాతివా చెక్కవా, మరుగుదొడ్డి ఎన్ని గదులకు ఒకటి, నీళ్ళు ఏ వేళకు వచ్చును, ఇవన్నీ వానకాలంలో ఒకనాడు పోయి చూడవలెను. ఎండలో ప్రతి గదీ బాగుండును. పక్కగదివారితో పది నిమిషాలు మాట్లాడవలెను. దలాలు చెప్పనివి వారు చెప్పుదురు. వారితోనే రేపు గ్యాలరీలో గడపవలసియున్నది. ఇంట్లో ఆడవారిని వెంటబెట్టుకొని పోవలెను. ఆ మోరీలో పొద్దున్న అయిదు గంటలకు నిలబడేది వారే గదా! కూలే ఇంటిలో ఆశను కొనుట తప్పుకాదు. పిల్లలను పడుకోబెట్టుట మాత్రం వేరు మాట.

ఇవన్నీ చెప్పినా, ఒంటిగదిమీద మాకు చిన్నచూపు లేదు. ఆ గదులలో దీపం క్రింద చదివి ఇంజనీర్లు, టీచర్లు, నర్సులు అయినవారు ఈ పత్రిక చదువుచున్నవారిలోనే కలరు. తలుపు వేసుకొనే అలవాటు లేనందున పక్కవారి జ్వరం మన జ్వరమైనది, పక్కవారి పిల్ల పాసయితే మన ఇంట పేడా పంచినారు. మరాఠీ అక్కడనే నేర్చినాము, తెలుగు అక్కడనే నిలుపుకొన్నాము. కొత్త భవనంలో లిఫ్టు వచ్చును, ఇంట్లోనే స్నానపుగది వచ్చును. అవి రావలసినవే, మన ఆడవారు నూరేండ్లు బకెట్లు మోసినది చాలును. గది పోవునని విచారించుటకంటె, అందులో ఉన్నవారి హక్కు పోకుండ చూచుట మేలు.

కాబట్టి పాఠకులు ఈ ఆదివారం తీరిక చేసుకొని మాళామీది పెట్టె దించవలెను. కిరాయి బొత్తి తీసి మీది బిల్లుమీద ఏ పేరున్నదో చదువవలెను. ఇంట్లో పెద్దావిడను, ఆమెతో ఉన్న ఆడబిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకొని మరీ చదువవలెను. సంతకాల మాట, బేరాల మాట దాని తర్వాత.